కడలి ఒడ్డున ఏడు దినాలు

పాఠ్యభాగ ఉద్దేశం

దృశ్యమాధ్యమం నేడు ప్రతివారి అరచేతిలోకి వచ్చింది. దానిని సత్యనిష్ఠతో, భాషాభిమానంతో, తోటివారి పట్ల గౌరవంతో వినియోగించుకొనే విధానాన్ని శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరాన్ని ఆధారంగా చేసుకొని విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మన ఆలంకారికులు కావ్యాన్ని దృశ్యమనీ, శ్రవ్యమనీ రెండు విధాలుగా విభజించారు. కంటితో చూచి ఆనందించేది దృశ్యకావ్యం. చెవితో విని ఆనందించేది శ్రవ్యకావ్యం. నేడు మనం వీడియో అని పిలుచుకొంటున్న ప్రక్రియ ఈ రెండింటినీ ఒకచోట చేర్చింది. దానిని రూపొందించే వ్యక్తిని మనం దృశ్యకారుడనో, దృశ్యకారిణి అనో పిలుచుకోవచ్చు. ఈ పేరు కొత్తదే అయినా, ఆ వ్యక్తి చేసే పని మాత్రం చాలా పాతది. తాను చూచిన దానిని, చూడని వారికి చూచినట్లుగా చెప్పడమే ఆ పని.

1895 డిసెంబరు 28న పారిస్ నగరంలో ల్యుమియేర్ సోదరులు రుసుము చెల్లించి వచ్చిన ప్రేక్షకులకు కదిలే బొమ్మలను ప్రదర్శించారు. 1896 జులై 7న ఆ సోదరుల చిత్రాలు బొంబాయికి వచ్చాయి. పని ముగించుకొని కర్మాగారం నుంచి వెలుపలికి వస్తున్న కార్మికులు, పసిపాపకు అన్నం తినిపిస్తున్న తల్లిదండ్రులు ఆ తొలి చిత్రాలలో కనిపిస్తారు. సాధారణ జనజీవనమే ఆ నూతన ప్రక్రియకు మొదటి వస్తువు కావడం గమనార్హం. నూట పది సంవత్సరాల తరువాత, 2005 ఏప్రిల్ 23న, యూట్యూబ్‌లో మొట్టమొదటి వీడియో చేరింది. జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి ఒక యువకుడు చెప్పిన నాలుగు మాటలే అందులో ఉన్నాయి. దాని నిడివి 19 సెకన్లు. ఆనాటి నుంచి చిత్రీకరణ కొద్దిమంది సొత్తుగా కాక, అందరికీ అందుబాటులో ఉన్న విద్యగా మారింది.

తెలుగు పల్లెలు ఈ విద్యను త్వరగానే అందిపుచ్చుకొన్నాయి. తెలంగాణలో జగిత్యాల ప్రాంతంలోని లంబాడిపల్లిలో శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో ‘మై విలేజ్ షో’ను ప్రారంభించారు. చదువుకొనే అవకాశం లేక, కూలి పనులతో కుటుంబాన్ని పోషించుకొన్న గంగవ్వ ఆ చిత్రాల ద్వారా లోకప్రసిద్ధి పొందింది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన మస్తానమ్మ నూరేళ్ళు దాటిన వయసులో కట్టెల పొయ్యి మీద వండిన వంటలను ఆమె మునిమనుమడు చిత్రించి లోకానికి చూపాడు. ఆమె 2018 డిసెంబరులో కన్నుమూసేనాటికి ఆ వంటలను దేశవిదేశాలలో లక్షలాది మంది చూచారు. గంగవ్వ తన మాటతీరును మార్చుకోలేదు. మస్తానమ్మ తన పొయ్యిని విడిచిపెట్టలేదు. తమ ఊరిని తమ ఊరుగానే చూపినందువల్ల వారికి ఆదరణ లభించింది. ఈ సత్యాన్ని మనసులో నిలుపుకొని ఒక దృశ్యకారిణి వారం రోజుల పనిని పరిశీలిద్దాం.

ఇందుకు మనం ఎన్నుకొన్న ప్రదేశం భావనపాడు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న మత్స్యకార గ్రామం ఇది. టెక్కలి నుంచి నౌపడ మీదుగా వెళితే ఉప్పుమడులు, చిత్తడినేలలు, సరుగుడు తోటలు దాటి ఈ ఊరు చేరుతాము. దీనికి ఉత్తరంగా పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతాలలో కొబ్బరి, జీడి, పనస తోటలతో అలరారే సీమను ఉద్దానం అంటారు. ‘ఉద్యానం’ అనే సంస్కృత పదమే వాడుకలో ‘ఉద్దానం’గా మారిందని పెద్దలు చెబుతారు. ‘ద్య’ అనే సంయుక్తాక్షరం ‘ద్ద’గా మారడం భాషలో సహజమైన పరిణామమే.

ఈ ప్రాంతంలో పెరిగి, ఇంటర్మీడియట్ ముగించి, చేతిలోని ఫోనుతోనే చిత్రీకరణ నేర్చుకొన్న ఒక యువతిని ఊహించుకొందాం. ఆమెకు పేరు పెట్టనక్కరలేదు. మీలో ఎవరైనా ఆమె కావచ్చు. ‘మా తీరం’ అనే శీర్షికతో పదిహేను నిమిషాల చిత్రం రూపొందించాలని ఆమె సంకల్పం. కాలం ఫిబ్రవరి మాసం. వేట సాగుతూ ఉంటుంది. ఉప్పుమడులలో పని మొదలై ఉంటుంది. వలస వచ్చిన పక్షులు ఇంకా తిరిగి వెళ్ళవు. కాలాన్ని ఎంచుకోవడం కూడా దృశ్యకారిణి పనిలో భాగమే. అదే ఆమె మే మాసంలో వచ్చి ఉంటే మర పడవలన్నీ ఒడ్డునే కనిపించేవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 దినాలు తూర్పుతీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలంగా గుర్తించి, యాంత్రిక పడవల వేటను ప్రభుత్వం నిషేధిస్తుంది.

సోమవారం: కెమెరా లేని రోజు

మొదటి రోజు ఆమె ఫోనును సంచిలో నుంచి తీయదు. సూర్యోదయానికి ముందే తీరానికి చేరి, ఒక పక్కగా కూర్చుంటుంది. ఏ పడవ ఎప్పుడు వస్తుంది, వల ఎవరు సర్దుతారు, చేపల పాట ఎవరు పాడతారు, తట్టలు మోసే స్త్రీలు ఏ దారిన సంతకు వెళతారు అనే విషయాలను గమనించి చిన్న పుస్తకంలో వ్రాసుకొంటుంది. ఇది సోమరితనం కాదు. ఏది ముఖ్యమో తెలియకుండా తీసిన దృశ్యాలు ఎన్ని ఉన్నా కథ కుదరదు.

ఇంతలో వల బాగుచేసుకొంటున్న ఒక వృద్ధుడు, “ఏటి తల్లీ, సేపలు సూడ్డానికొచ్చినావా, మమ్మల్ని బొమ్మలు తియ్యడానికొచ్చినావా?” అని అడగవచ్చు. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేని వారికి చిత్రం తీసే అర్హత లేదు. తుపాను వచ్చినప్పుడు, ప్రమాదం జరిగినప్పుడు మాత్రమే కెమెరాలు ఆ ఊరికి వస్తాయి. కన్నీరు తీసుకొని వెళ్ళిపోతాయి. అందువల్ల ఆ ప్రశ్నలో కొంత హాస్యమూ, కొంత అనుభవమూ ఉన్నాయి. “నాను టెక్కలి పిల్లనే తాతా. మన పని గురించి మనమే సెప్పుకోవాలని వచ్చినాను” అని ఆమె అంటే, ఆయన తన పక్కన చోటు చూపుతాడు. చిత్రీకరణ అప్పుడే ప్రారంభమైనట్లు లెక్క.

మంగళవారం: వేట

రెండవ రోజు అనుమతి తీసుకొని ఆమె చిత్రీకరణ మొదలుపెడుతుంది. ఫోనును అడ్డంగా పట్టుకొని, ఒక్కొక్క దృశ్యాన్ని కదలకుండా కనీసం పది సెకన్లు తీస్తుంది. మొదట సముద్రమూ పడవలూ అన్నీ కనిపించే దూరదృశ్యం. తరువాత వల లాగుతున్న మనుషుల మధ్యమదృశ్యం. చివర తాడు పట్టుకొన్న చేతుల సమీపదృశ్యం. దూరదృశ్యం స్థలాన్ని తెలుపుతుంది, మధ్యమదృశ్యం పనిని తెలుపుతుంది, సమీపదృశ్యం మనిషిని తెలుపుతుంది.

సముద్రతీరంలో ధ్వనిని పట్టుకోవడం దృశ్యాన్ని పట్టుకోవడం కంటె కష్టం. గాలి హోరు మాటను మింగివేస్తుంది. అందుకే ఆమె చిన్న మైకుకు మెత్తని గుడ్డ చుట్టి, మాట్లాడేవారి గుండె దగ్గర అమరుస్తుంది. ఎవరూ మాట్లాడని సమయంలో ఒక నిమిషంపాటు కేవలం అలల చప్పుడును కూడా భద్రపరుస్తుంది. కూర్పు సమయంలో రెండు మాటల మధ్య ఏర్పడే శూన్యాన్ని ఆ చప్పుడు పూరిస్తుంది.

ఆనాడు ఆమెకు లభించే నిధి పదసంపద. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, వంజరం, చందువా అనే చేపల పేర్లు ఆమె పుస్తకంలో చేరతాయి. దుంగలను తాళ్ళతో కట్టిన పాత తెప్పల స్థానంలో ఫైబరు పడవలు వచ్చిన వైనాన్ని ఆ వృద్ధుడే వివరిస్తాడు. పడవకు పెద్దగా వ్యవహరించే వానిని ‘తండేలు’ అంటారని కూడా ఆమె వింటుంది.

ఈ మాట వెనుక ఒక చరిత్ర ఉన్నది. ఇక్కడ వేట గిట్టక శ్రీకాకుళం తీరవాసులు అనేకులు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వలస వెళతారు. అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు కొందరు 2018 నవంబరులో సరిహద్దు జలాలలో పాకిస్తాన్ అధికారులకు చిక్కి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా స్వదేశం చేరుకొన్నారు. వారి కథ ఆధారంగా 2025 ఫిబ్రవరిలో ‘తండేల్’ అనే చలనచిత్రం వచ్చింది. చలనచిత్రం తన అవసరాలకు అనుగుణంగా కల్పన చేసుకొంటుంది. మన దృశ్యకారిణికి ఆ స్వేచ్ఛ లేదు. ఆమె చూపేది వాస్తవమని ప్రేక్షకుడు విశ్వసిస్తాడు. ఆ విశ్వాసమే ఆమెకు మూలధనం.

బుధవారం: ఉప్పు

తీరం నుంచి లోపలికి వస్తే నౌపడ ఉప్పుమడులు కనిపిస్తాయి. లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ నీటిని మొదట పెద్ద మడులలో నిలువచేసి, క్రమంగా చిన్న మడులలోకి మళ్ళిస్తారు. ఎండకూ గాలికీ నీరు ఆవిరై, మొదటి పరిమాణంలో సుమారు పదవ వంతుకు తగ్గినప్పుడు ఉప్పు స్ఫటికాలుగా ఏర్పడుతుంది. పొడుగాటి పలకకర్రలతో దానిని గట్టుకు లాగి కుప్పలు పోస్తారు. అకాలవర్షం కురిస్తే అనేక దినాల శ్రమ ఒక్క రాత్రిలో కరిగిపోతుంది. ‘ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయరాదు’ అని చెప్పుకొనే మనం, ఆ ఉప్పు పండించిన పాదాలను ఎన్నడైనా చూచామా?

మధ్యాహ్నపు ఎండలో తెల్లని ఉప్పును చిత్రిస్తే తెలుపు తప్ప వేరేమీ కనిపించదు. ఉదయమూ సాయంకాలమూ వెలుగు ఏటవాలుగా పడినప్పుడు మాత్రమే స్ఫటికాల గరుకుదనం, కుప్పల నీడలు, మనుషుల ముఖాలు స్పష్టమవుతాయి. కాబట్టి ఎండ ముదిరిన వేళను ఆమె నౌపడ రైల్వే కూడలిలో గడుపుతుంది. అదే ఆమెకు ఒక సాంస్కృతికావిష్కరణకు దారితీస్తుంది.

పర్లాకిమిడి సంస్థానం వారు నౌపడ నుంచి తమ పట్టణానికి 1900లో చిన్నరైలు మార్గాన్ని ప్రారంభించారు. దశాబ్దాలపాటు సేవలందించిన ఆ చిన్నమార్గం స్థానంలో 2011 నాటికి పెద్దమార్గం వచ్చింది. ఆ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయులుగా పనిచేసిన మహనీయులు గిడుగు వేంకట రామమూర్తిగారు. ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. కొండలలో నివసించే సవరల భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. సవర భాష మాట్లాడేవారిని తన ఇంట ఉంచుకొని, వారి నోటి నుంచే ఆ భాషను నేర్చుకొని, 1931లో సవర భాషా వ్యాకరణాన్నీ, 1938లో సవర – ఇంగ్లీషు నిఘంటువునూ ఆయన వెలువరించారు. ఆయన చేతిలో కెమెరా లేదు. చెవి మాత్రమే ఉంది. వినే ఓర్పు ఉంటే చిన్న పరికరమైనా చాలునని ఆయన జీవితం మనకు నేర్పుతున్నది.

గురువారం: పక్షులు

టెక్కలి మండలంలోని తేలినీలాపురం పక్షుల విడిది. గూడబాతులనబడే పెలికాన్లూ, పెయింటెడ్ స్టార్క్ అని పిలిచే రంగురంగుల కొంగలూ ఏటా సెప్టెంబరు ప్రాంతంలో వచ్చి, ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, మార్చి తరువాత మరలిపోతాయి. సమీపంలోని చిత్తడినేలలు వాటికి ఆహారాన్నిస్తాయి. ఆ నేలలనే ఇక్కడివారు ‘తంపర’ అంటారు. సోంపేట వైపు అటువంటి వాటిని ‘బీల’ అంటారు. పురుటికి వచ్చిన ఆడపడుచులను చూచినట్లు గ్రామస్థులు ఆ పక్షులను చూచుకొంటారు.

ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని తరచుగా వింటాము, చదువుతాము. మన దృశ్యకారిణి కూడా మొదట తన వ్యాఖ్యానంలో అలాగే వ్రాసుకొంటుంది. కాని పక్షిశాస్త్ర గ్రంథాలు తెరిచి చూస్తే సంగతి వేరుగా ఉన్నది. ఇక్కడ గూడు కట్టే ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా ప్రాంతాలవి. నీరు, ఆహారం లభించే చోటును బట్టి ఇవి దేశంలోనే ఒక ప్రాంతం నుంచి మరొక ప్రాంతానికి తరలిపోతుంటాయి. సైబీరియా అనగానే కథకు ఒక ఆకర్షణ వస్తుంది. అయినా ఆమె ఆ వాక్యాన్ని కొట్టివేస్తుంది. పదిమంది చెప్పినంతమాత్రాన విన్నది వాస్తవం కాదు. విన్న దానిని గౌరవించడం ఎంత అవసరమో, పరీక్షించడం అంతే అవసరం.

ఆ రాత్రి తీరంలో ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు పెట్టడానికి వస్తుందని తెలిసినా ఆమె దీపం వెలిగించి చిత్రం తీయదు. వెలుతురు సోకితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగిపోవచ్చు. పిల్లలు సముద్రపు మెరుపును వదలి దీపం వైపు దారితప్పవచ్చు. ఒక్కొక్క గుంటలో సుమారు నూరు గుడ్లు ఉంటాయి. ఆ జీవాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది. తీయగలిగినా తీయకుండా నిగ్రహించుకొన్న దృశ్యాలు కూడా దృశ్యకారిణి సంస్కారాన్ని తెలుపుతాయి.

శుక్రవారం: ఉద్దానం

పలాస జీడిపరిశ్రమకు పేరుపొందిన పట్టణం. జీడి మన దేశపు చెట్టు కాదు. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు తెచ్చిన ఆ చెట్టు ఈ ఇసుకనేలలో వేళ్ళూని ఉద్దానవాసులకు ప్రాణాధారమైంది. తోట నుంచి వచ్చిన జీడిపిక్కలను ఎండబెట్టి, కాల్చి లేదా ఆవిరిపట్టి, పెంకు పగలగొట్టి, పప్పును ఆరబెట్టి, పైపొర ఒలిచి, పరిమాణాన్ని బట్టి వేరుచేస్తారు. 180, 240, 320 అనే అంకెలతో పప్పును వర్గీకరిస్తారు. ఒక పౌను తూకానికి, అనగా సుమారు 454 గ్రాములకు, గరిష్ఠంగా ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ అంకె తెలుపుతుంది. అంకె చిన్నదైతే గుండు పెద్దదన్నమాట. ఈ పనులలో అధికభాగం స్త్రీలదే. పెంకులోని జిడ్డు చర్మాన్ని కాలుస్తుంది. ఆ చేతుల సమీపదృశ్యం వెయ్యి మాటలకు సమానమని ఆమెకు తోస్తుంది. కాని “మా సేతులు సూపించకమ్మా, సిగ్గేస్తది” అని ఒక కార్మికురాలు అంటే ఆ దృశ్యాన్ని ఆమె తొలగించాలి. చేయి ఆ స్త్రీది. నిర్ణయం కూడా ఆమెదే.

ఉద్దానం అనగానే ఇతర ప్రాంతాలవారికి రెండు విషయాలు స్ఫురిస్తాయి. మొదటిది తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి ఆ నష్టం ఒక్క సంవత్సరంతో తీరేది కాదు. రెండవది మూత్రపిండాల వ్యాధి. దీనికి మూలకారణం ఇదేనని శాస్త్రజ్ఞులు ఇంకా నిర్ధారించలేదు. నీరు, ఎండలో శ్రమ, శరీరంలో నీటి కొరత మొదలైన అనేక అంశాలపై పరిశోధనలు సాగాయి. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

ఈ రెండు కష్టాలూ యథార్థాలే. వాటిని దాచి, తోటల అందాన్ని మాత్రమే చూపడం అసత్యం. వాటిని మాత్రమే చూపి, అక్కడ పెళ్ళిళ్ళు జరగవన్నట్లు, పిల్లలు చదువుకోరన్నట్లు చిత్రించడం అంతకంటె పెద్ద అసత్యం. రోగి మంచం పక్కన నిలబడి అతని వేదనను వ్యాఖ్యానించడం సులభం. ఆ ఇంటి ఇల్లాలు తెల్లవారకముందే లేచి పిల్లలకు చద్ది కట్టి, జీడితోటకు వెళ్ళి, సాయంత్రం భర్తను ఆసుపత్రికి తీసుకువెళ్ళే ధైర్యాన్ని చూపడం కష్టం. కాని చూపవలసింది అదే.

అభిప్రాయభేదాలున్న విషయాలలోనూ ఈ నియమమే పాటించాలి. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి వద్ద విద్యుత్కేంద్రానికి వ్యతిరేకంగా సాగిన ఆందోళనలో కాల్పులు జరిగి ప్రాణనష్టం సంభవించింది. 2023 ఏప్రిల్ 19న భావనపాడు సమీపంలోని మూలపేట వద్ద ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. ఉపాధి వస్తుందని ఆశించేవారి మాట, వేటకు చోటు తగ్గుతుందని భయపడేవారి మాట రెండూ ఆమె చిత్రంలో వినిపించాలి. నేడు తీసిన తీరం రేపు ఇదే రూపంలో ఉండకపోవచ్చు. కాబట్టి ఆ దృశ్యం భావితరాలకు సాక్ష్యం.

శనివారం: విశ్రాంతి

ఆరవ రోజు ఆమె పని మానుకొంటుంది. అమ్మమ్మ చేతి పనసపొట్టు కూర ఆవ ఘాటుతో తిని, మధ్యాహ్నం రావివలస ఎండల మల్లికార్జునస్వామిని దర్శిస్తుంది. అక్కడ మహాలింగానికి పైకప్పు లేదు. స్వామి ఎండలోనే ఉంటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. రామాయణంలోని వైద్యుడైన సుషేణునితో ఆ క్షేత్రానికి సంబంధాన్ని స్థలపురాణం చెబుతుంది. ఎండలో పనిచేసే జనానికి ఎండలో నిలిచిన దైవం ఆప్తుడు కావడంలో ఆశ్చర్యం లేదు.

సాయంత్రం ఊరిలో తప్పెటగుళ్ళ ప్రదర్శన ఉంటే ఆమె జనంలో కూర్చొని చూస్తుంది. కళాకారులు రేకుతో చేసిన తప్పెటలను రొమ్మున కట్టుకొని, కాళ్ళకు గజ్జెలు ధరించి, పాడుతూ వాయిస్తూ వలయంగా ఆడుతారు. ఉత్తరాంధ్రలో యాదవులు తరతరాలుగా పోషిస్తున్న కళ ఇది. మరునాడు తన చిత్రానికి ఏ లయ కావాలో ఆ గజ్జెల చప్పుడులోనే ఆమెకు దొరుకుతుంది. విరామం వల్ల పని చెడదు; పనికి కావలసిన ఊపిరి అందుతుంది.

ఆదివారం: కూర్పు

తీసిన దృశ్యాలను మొదట రెండు చోట్ల భద్రపరచి, తరువాత ఆమె కూర్పుకు కూర్చుంటుంది. గంటలకొద్దీ ఉన్న దృశ్యాలలో పదిహేను నిమిషాలు మాత్రమే నిలవాలి. మాల కట్టేవారు ప్రతి పువ్వునూ గుచ్చరు కదా! అయితే ఏరివేతలో అసత్యం చొరబడే ప్రమాదం ఉంది. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ జాతివారిపై ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ అనే ప్రసిద్ధ చిత్రాన్ని నిర్మించాడు. ఆనాటికే తుపాకులతో వేటాడుతున్న వారిచేత పూర్వపు ఈటెలతో వేటాడించి చిత్రించాడు. కథానాయకుని అసలు పేరు కూడా నానూక్ కాదు. ఆ చిత్రం ఎంత గొప్పదైనా ఈ ప్రశ్న మాత్రం నూరేళ్ళుగా దానిని వెన్నంటి వస్తున్నది. ఫైబరు పడవపై వెళ్ళేవారిచేత అందం కోసం తెప్ప ఎక్కించి, ఇదే నేటి వేట అని చెబితే మన దృశ్యకారిణి కూడా అదే తప్పు చేసినట్లు.

చివరిది వ్యాఖ్యానం. ఇక్కడ ఆమెను ఒక సందేహం వేధిస్తుంది. ‘ఏటి’, ‘నేదు’, ‘ఒగ్గేయ్’ అనే తన ఊరి మాటలు వింటే నలుగురూ నవ్వుతారేమో! చలనచిత్రాలలో ఈ యాసను హాస్యానికే వాడుకోవడం చూచి చూచి, కళాశాలలో అడుగుపెట్టగానే దానిని దాచుకోవడం ఆమె కూడా అలవాటు చేసుకొంది. అయితే ఆమె ఈ జిల్లా రచయితలను తలచుకోవాలి. కాళీపట్నం రామారావుగారు ఇక్కడి జీవితాన్ని కథలుగా వ్రాసి, 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. తెలుగు కథలన్నీ ఒకచోట దొరకాలన్న ఆశయంతో 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయాన్ని స్థాపించారు. యాస భాషకు లోపం కాదు, ప్రాణం. కాబట్టి ఆమె తన వ్యాఖ్యానాన్ని అందరికీ తెలిసే తెలుగులో చెప్పినా, తాత మాటను తాత నోటనే వినిపిస్తుంది. దానిని దిద్దదు. ‘తంపర’ అన్న చోట తెరపై అర్థం వ్రాస్తుంది, మాటను మార్చదు.

కూర్పు ఒక్క రోజుతో పూర్తి కాకపోవచ్చు. కాని ఆదివారం సాయంత్రానికి సిద్ధమైన మేరకు ఆమె దానిని లోకానికి చూపే ముందు భావనపాడుకు తీసుకువెళుతుంది. పడవ పక్కన తెల్లగుడ్డ కట్టి ఊరివారికి చూపుతుంది. తమ ముఖాలు కనిపించగానే పిల్లలు కేకలు వేస్తారు. ఎక్కడ తప్పు చెప్పిందో పెద్దలు దిద్దుతారు. ఆ దిద్దుబాట్లన్నీ ఆమె పుస్తకంలో చేరతాయి. మొదటి రోజు ప్రశ్న అడిగిన వృద్ధుడు చివర, “మా బొమ్మ బాగానే ఉన్నాది గానీ, సముద్రం సప్పుడు ఇంకాస్త ఉండాల” అంటే, ఆ ఒక్క మాటను మించిన విమర్శ ఉండదు. ఆయన తన చిత్రాన్ని తనదిగా భావించినందువల్లనే ఆ మాట అనగలిగాడు.

ఈ విధంగా ఏడు దినాలలో ఆమె పని చేసింది, విశ్రమించింది, తన నేలను కొత్తగా తెలుసుకొన్నది. చూపడానికి ముందు చూడాలి. చూడడానికి ముందు వినాలి. విన్న దానిని పరీక్షించి, ఎవరి జీవితమో వారి అనుమతితోనే లోకానికి అందించాలి. మీ చేతిలో ఉన్న పరికరం ల్యుమియేర్ సోదరుల యంత్రం కంటె ఎన్నో రెట్లు శక్తిగలది. దానితో మీ అవ్వ చెప్పే సామెతను, మీ ఊరి చేపల పేర్లను, మీ పొలం గట్టు పాటను భద్రపరచండి. అవి చెప్పగలిగే పెద్దలు మన మధ్య ఉన్నప్పుడే ఆ పని చేయడం అత్యవసరం.

కఠినపదాలు – అర్థాలు

ఆలంకారికులు = కావ్యలక్షణాలను నిరూపించిన పండితులు
తంపర, బీల = నీరు నిలిచే చిత్తడినేల
తండేలు = పడవకు నాయకుడు
కూర్పు = దృశ్యాలను ఏర్చి వరుసగా చేర్చడం
విడిది = తాత్కాలిక నివాసం
స్థలపురాణం = పుణ్యక్షేత్ర చరిత్రను తెలిపే కథ

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. దృశ్యకారిణి పాటించవలసిన నియమాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. ఉద్దానం ప్రాంతపు జనజీవనాన్ని చిత్రించేటప్పుడు ఎదురయ్యే చిక్కులేవి? వాటిని ఎలా అధిగమించాలి?

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. సోమవారం దృశ్యకారిణి కెమెరాను ఎందుకు వాడలేదు?
2. తేలినీలాపురం పక్షులను గురించిన వాక్యాన్ని ఆమె ఎందుకు కొట్టివేసింది?
3. గిడుగు రామమూర్తిగారి కృషి దృశ్యకారులకు ఎలా ఆదర్శం?

భాషాంశాలు

సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశసంధి
ప్రాణాధారం = ప్రాణ + ఆధారం – సవర్ణదీర్ఘసంధి
జనజీవనం – జనుల యొక్క జీవనం – షష్ఠీ తత్పురుష సమాసం
సత్యనిష్ఠ – సత్యమునందు నిష్ఠ – సప్తమీ తత్పురుష సమాసం

అభ్యాసం

మీ ఊరిలోని ఒక వృత్తికారుని పనిని ఒక రోజు గమనించి, వారు వాడే పదాలను పది సేకరించండి. వారి అనుమతితో, వారి మాటలలోనే ఒక పుట వ్రాయండి.